మసక ఫోటో

ఉదయగిరిలో క్యాంపు పెట్టిన ఆ బడి గదికి కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టాం. కంటి లోపలి ఫోటో తీయాలంటే గది చీకటిగా ఉండాలి, అప్పుడే కంటిపాప పెద్దదవుతుంది. ఫ్యాను వేస్తే దుప్పట్లు ఎగిరి వెలుతురు వస్తోందని సూపర్‌వైజరు ఫ్యాను కూడా ఆపించాడు. బయట మండే ఎండ. లోపల నేను, కెమెరా, నా ముందు కూర్చున్న మనిషి. ఎవరైనా వచ్చి నన్ను రెక్క పట్టుకుని బయటికి లాగేస్తే బాగుండునని పొద్దున్నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

నేను ఆత్మకూరులో ఒక పారామెడికల్ కాలేజీలో కంటి పరీక్షల కోర్సు చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ఊరు ఉదయగిరే కాబట్టి నన్ను ఇక్కడ వేశారు. పని చెప్పడానికి చాలా సులువు. షుగర్ ఉన్నవాళ్ళ కంటి వెనక పొరను ఫోటో తీయాలి. కెమెరాకు తగిలించిన ఫోన్‌లోని ఏఐ దాన్ని చూసి తీర్పు చెబుతుంది. పచ్చ వస్తే ఇంటికి. ఎరుపు వస్తే నెల్లూరు పెద్దాసుపత్రికి చీటీ. ఫోటో మసగ్గా ఉంటే పసుపు వస్తుంది, మళ్ళీ తీసినా పసుపే వస్తే అప్పుడూ చీటీయే. చీటీ ఇచ్చేది ఫోనే. మా చేతిలో ఏమీ లేదు.

అంతకు ముందు కాలేజీకి ఒక సారు వచ్చి ఏఐ మీద ఒక పూట క్లాసు చెప్పాడు. చివర్లో, దీనికి మీలో ఎంతమంది సిద్ధంగా ఉన్నారని అడిగాడు. అందరం చేతులెత్తాం. భోజనాల వేళ దాటిపోతోంది మరి. కెమెరా ఎలా పట్టుకోవాలో, కంటికి ఎంత దూరంలో పెట్టాలో చక్కగా నేర్పించారు. ఫోన్ చెప్పిన తీర్పు తప్పనిపిస్తే ఎవరికి చెప్పుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మధ్యాహ్నం మా అవ్వ వచ్చింది. నాయన తల్లి, నన్ను పెంచిన మనిషి. ఆమెకూ షుగర్ ఉంది.

"ఎడం కంట్లో మెరుపులు మెరస్తా ఉండాయి పాపా. నల్లగా దోమల మాదిరి ఏందో తిరగతా ఉండాది. మీ నాయనకు చెప్తే వయసు అన్నాడు. నువ్వు చూడు."

మెరుపులూ నల్ల చుక్కలూ కలిసి వస్తే కంటి పొర అంచున చిరిగి ఉండొచ్చని చదివాను. చిరుగు పెరిగితే పొర ఊడిపోతుంది, చూపు పోతుంది. అవ్వకు కుడి కన్ను ఎప్పుడో పోయింది. ఆమెకు ఉన్నది ఈ ఒక్క కన్నే.

ఫోటో అద్దంలా వచ్చింది. మా బ్యాచ్‌లో నా అంత శుభ్రంగా తీసేవాళ్ళు లేరు. ఫోన్ పచ్చ చూపించింది. ఆ కెమెరాకు కనపడేది పొర నడిమి భాగమే, అంచులు కాదు. పైగా అది వెతికేది షుగర్ మచ్చల్ని, చిరుగుల్ని కాదు.

బయటికి పోయి సూపర్‌వైజరుకు చెప్పాను.

"పచ్చ వచ్చింది గదమ్మా. నువ్వు డాక్టరువా?"

"కాదు సార్."

"నేనూ కాదు. మనిద్దరం చేరి దాన్ని కాదంటే ఎట్ట?"

ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆయన పైన ఒకడున్నాడు, ఆ పైవాడూ ఫోన్‌నే చూస్తాడు. నాయనకు ఫోన్ చేస్తే వింజమూరులో ఏదో పని మీద ఉన్నాడు. "మిషన్ ఏమనింది?" అన్నాడు. బాగుందనిందని చెప్పాను. "ఇంకేంది పాపా మరి," అని పెట్టేశాడు. చీటీ లేనిదే అవ్వను నెల్లూరు బస్సు ఎక్కించేవాళ్ళు మా ఇంట్లో లేరు.

మళ్ళీ చీకటి గదిలోకి వచ్చాను. పచ్చ వచ్చినా దాన్ని పంపే మీట ఇంకా నొక్కలేదు, అది నొక్కేదాకా మళ్ళీ తీయొచ్చు.

"అవ్వా, ఈసారి రెప్ప కొట్టు. బాగా కొట్టు."

"ఇందాక కొట్టొద్దంటివి?"

"ఇప్పుడు కొట్టాల."

కెమెరాను కాస్త వెనక్కి జరిపి, చేయి కదిపాను. పసుపు. ఇంకోసారి తీశాను, పసుపే. చీటీ వచ్చింది. కారణం దగ్గర, ఫోటో తీసినవారి లోపం అని ఉంది. నాకు సంతోషం కలగలేదు, ఒళ్ళు మండిపోయింది. చదివిన చదువు అక్కరకు రాలేదు, చేతిలో పని చెడగొడితే అక్కరకు వచ్చింది.

మర్నాడు నెల్లూరులో డాక్టరు అంచులు కూడా చూసి, చిరుగు ఉందని చెప్పి అప్పుడే లేజర్ చేశాడు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే కన్ను దక్కేది కాదన్నాడు. ఆసుపత్రి బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

ఆ తర్వాత ఆత్మకూరులో మా మేడం ఆ పసుపు ఫోటోను తెర మీద వేసింది, ఎలా తీయకూడదో చూపించడానికి. "ఎవురు మే ఇంత దరిద్రంగా తీసింది?" అని పక్కనున్న స్నేహితురాలు నవ్వింది. నేనూ నవ్వాను. కావాలనే తీశానని చెబితే ఇంటర్న్‌షిప్ పోతుంది, సర్టిఫికెట్ ఆగిపోతుంది. అయినా ధైర్యం చేసి, ఆ కెమెరాకు అంచులు కనపడవు కదా మేడం, అన్నాను. "అది అందరికీ తెలిసిందేలే," అని తర్వాతి ఫోటోకు వెళ్ళిపోయింది.

మళ్ళీ క్యాంపు వచ్చింది. అదే గది, అవే దుప్పట్లు. ఈసారి సూపర్‌వైజరు నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. పచ్చ కాస్తా పసుపు ఎలా అయిందో ఆయన అవ్వ చీటీ చూసినప్పుడే కనిపెట్టాడు. మా వీధి చివరింటి ఖాలా, మేమంతా పిన్నిలా చూసుకునే ఆమె, వచ్చి కూర్చుంది. ఆమెకూ మెరుపులేనట. ఆమెకూ పచ్చే వచ్చింది. వెనక నుంచి చేయి చాపి ఆయనే మీట నొక్కేశాడు.

"ఖాలా, నెల్లూరుకు పోయి ఒకసారి చూపించుకో."

"ఏంది బేటీ, మిషన్ లేదంటే నువ్వు ఉండాదంటావు? మీ అవ్వ అంతా చెప్పింది. డాక్టరు కంటే ముందే ఈ మిషనే కనిపెట్టి పంపించిందంట గదా. అందుకనే నేనూ వచ్చినాను."

అవ్వ అలాగే అనుకుంటోంది. మనవరాలి మిషన్ తన కన్ను కాపాడిందని వీధంతా చెబుతోంది. అది కాదు ఖాలా, కాపాడింది నేను చెడగొట్టిన ఫోటో, అని నోటిదాకా వచ్చింది. సూపర్‌వైజరు ఊపిరి నా మెడకు తగులుతోంది. ఖాలా లేచి, నా తల మీద చేయి పెట్టి, సల్లగా ఉండు బిడ్డా అని దీవించి, నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోయింది.