చూసినాలే

తొంభైల్లో ధర్మవరంలో అమ్మాయిల హాకీ జట్టును ఎంపిక చేసే సారుకి ఒకటే మాట: "చూసినాలే." గోల్ పోస్టు పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్లో పొట్లం పెట్టుకుని, వేయించిన చెనిక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవాడు. మేము పరిగెత్తుతున్నంతసేపూ ఆయన చూపు పొట్లంలోనే ఉండేది.

నేను బత్తలపల్లి నుంచి మూడేళ్లు వరసగా వెళ్లాను. మూడో ఏడు ముగ్గుర్ని తప్పించుకుని గోల్ కొట్టి చూస్తే, ఆయన అరచేతిలో పప్పుల మీది పొట్టు ఊదుతున్నాడు.

"సార్, నా గోల్ చూసినారా?"

"చూసినాలే పాపా, పో."

జాబితాలో నా పేరు లేదు. "ఇంక చాల్లేమ్మా," అన్నాడు నాయన. నేను ఆట మానలేదు. ఆ పొట్టు ఊదిన మూతినీ మరిచిపోలేదు.

పదేళ్ల తర్వాత హిందూపురంలో నేను కోచ్‌ని. ఎంపికలకి ఆయన తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నన్ను గుర్తు పట్టలేదు. ఎలా పడతాడు, అప్పుడు చూసుంటే కదా!

ఆ పిల్ల ఆడిన ప్రతి పాసూ చూశాను. బంతిని చక్కగా ఆపుతుంది, ఎడమవైపు తిరగడమే నిదానం. ఆరు నెలలు నేర్పితే అదీ వస్తుంది. కాగితం మీద మొదటి పేరు దానిదే రాశాను.

ఆయన చేతులు కట్టుకుని దగ్గరికొచ్చాడు. "మేడమ్, మా పాప ఆట చూసినారా?"

కాగితం మడిచి, తలెత్తకుండానే చెప్పాను. "చూసినాలే సార్, పోండి."

ఆ మాటకి అసలు అర్థం ఆయనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ముఖం మాడిపోయింది. జాబితా మూడు రోజుల తర్వాతే అతికించాను. నా మూడేళ్లకి ఆయనకి మూడు రోజులు. ఇప్పటికీ తక్కువే అనిపిస్తుంది.