చప్పుడు చెయ్యని నిచ్చెన

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. మా వదినగారు పోయారని వాళ్ళమ్మాయి ఫోను చేసి చెప్పినప్పటినుంచీ కాగితం ముందు కూర్చోవడం, లేవడం, టీ పెట్టుకోవడం, ఇదే వరస. బద్ధకం కాదు. నేనేం రాసినా ఆవిడ చదివి, "ఇందులో సగం అక్కర్లేదు మరిదీ" అనేవారు. ఆ సగం ఏదో చెప్పే మనిషి ఇప్పుడు లేరు. కాబట్టి మొత్తం మీరే భరించాలి.

వదినగారంటే తోడబుట్టినవాడి భార్య కాదు. ఇంగోల్‌స్టాట్ నుంచి రైల్లో కాస్త దూరం వెళితే వచ్చే చిన్న జర్మన్ ఊళ్ళో ఎముకల డాక్టరుగారొకరుండేవారు. ఆయనదీ నాదీ గుంటూరు జిల్లానే. ఆయన్ని అన్నయ్యా అన్నాను గనక ఆవిడ వదినగారయ్యారు. ఊరివాళ్ళకు మాత్రం ఆవిడ "ఫ్రావ్ డాక్టర్", అంటే డాక్టరమ్మగారు. డాక్టరు ఆయన కదా అని నేను సందేహపడితే, ఇక్కడి పాతకాలంవాళ్ళు భార్యకీ ఆ పట్టం కట్టేస్తారు, వద్దంటే నొచ్చుకుంటారు అని ఆవిడే చెప్పారు.

బవేరియా అడవుల్లో వేటగాళ్ళు చెట్టుకు నిచ్చెన ఆనించి, దాని పైనుండే కుర్చీలో సాయంత్రాలు కూర్చుంటారు. అప్పట్లో అన్నీ కొయ్య నిచ్చెనలే. వానకు నాని కుళ్ళేవి, మెట్టు విరిగేది. ఆకురాలే కాలం వచ్చిందంటే అన్నయ్యగారి దగ్గర విరిగిన కాళ్ళు బారులు తీరేవి. వదినగారు పెళ్ళికి ముందు ఇంజనీరింగ్ డ్రాయింగ్ నేర్చుకున్న మనిషి. ఒకరోజు భోజనాల దగ్గర, "కాళ్ళు మీరు చూస్తున్నారు, ఆ నిచ్చెన సంగతి ఎవరూ చూడరేం?" అన్నారట. "నువ్వే చూడు, నాకు పని తగ్గుతుంది" అన్నారట ఆయన. అలా వాళ్ళ గరాజు కార్ఖానా అయింది.

మాంసం ముట్టని ఇల్లాలు వేటగాళ్ళకు నిచ్చెనలు చెయ్యడమేమిటని మీకనిపిస్తే, అలా అనిపించినవాళ్ళలో మీరు మొదటివారు కారు. మ్యూనిక్‌లో ఒక ఉగాదికి, మాస్టర్స్ చదవడానికొచ్చిన వరంగల్ అమ్మాయి అడిగేసింది: "ఆంటీ, జింకల్ని చంపెటోళ్ళకు గిట్ల చేసిస్తే మీకు పాపం అనిపియ్యదా?"

వదినగారు పులిహోర వడ్డిస్తూనే చెప్పారు. "కింద నిలబడి కాలిస్తే గుండు ఎటు పోతుందో తెలీదమ్మా. పైనుంచి కాలిస్తే నేలలోకి పోతుంది. పొద వెనక పుట్టగొడుగులు ఏరుకునే ముసలమ్మకి తగలదు. నేను చేసేది ఆ ముసలమ్మకోసం. ఇంకాస్త వెయ్యనా?"

ఇక నా సంగతి. నేను పనిచేసే కారు విడిభాగాల ఫ్యాక్టరీ మూతపడింది. నాకు డిగ్రీ లేదు. నా చదువంతా పాత పుస్తకాల కొట్లలో సాగింది, దానికి ఏ దేశంలోనూ సర్టిఫికెట్ ఇవ్వరు. పని దొరక్కపోతే ఇక్కడ ఉండే అనుమతి పొడిగించరు. పిల్లలు బళ్ళో ఉన్నారు. అప్పుడు వదినగారు కబురు పంపారు: పని కావాలంటే సాయంత్రం అడవికొచ్చి, కొత్తగా చేసిన కుర్చీ ఎక్కి, చీకటి పడేదాకా కూర్చోవాలి. చప్పుడు చెయ్యకూడదు.

అది మూడు ముక్కలుగా విడదీసి వీపున మోసుకుపోయే అల్యూమినియం నిచ్చెన. పైన గుడ్డ కుర్చీ. చెట్టుకు మేకు కొట్టకుండా పట్టీతో కట్టేది. లోహం ఒక్కసారి కీచుమంటే చాలు, జింక ఆ చుట్టుపక్కల ఉండదు, వేటగాడి సాయంత్రం పోయినట్టే. నేనా, పుట్టి బుద్ధెరిగి ఒకచోట కుదురుగా కూర్చున్నవాణ్ణి కాను. తెనాలి సినిమాహాల్లో నేను కూర్చున్న వరస వరసంతా ఊగుతోందని గేటు మనిషి నన్ను మధ్యలో లేపి పంపేశాడు. (ఈ ముక్క వదినగారు కొట్టేసేవారే.) ఆ సాయంత్రం కాళ్ళు మార్చాను, దగ్గాను, దోమను కొట్టాను, చివరికి అదేం చెట్టని కిందున్న ఆవిణ్ణే అడిగాను. కుర్చీ నాకంటే ఎక్కువ మాట్లాడింది. దిగేటప్పటికి, ఇక ఇంటికెళ్ళి పెట్టెలు సర్దుకోవడమే అనుకున్నాను.

"రేపట్నుంచి పనిలోకి వచ్చెయ్" అన్నారు.

"అదేంటి వదినగారూ, నేను నిమిషం ఊరుకోలేదు కదా."

"అందుకే రమ్మంటున్నా. బొమ్మలా కూర్చునేవాడి కింద ఏ కుర్చీ అయినా గమ్మునుంటుంది. నీ కింద ఉందంటే ఇంకెవరి కిందైనా ఉంటుంది."

ఇంట్లోనూ బళ్ళోనూ ఫ్యాక్టరీలోనూ తిట్లు తినిపించిన గుణానికి జీతమిచ్చిన మనిషి ఈ లోకంలో ఆవిడొక్కరే. నా పిల్లలు ఇక్కడ పెరిగి పెద్దయ్యారంటే ఆ జీతంతోనే.

చలికి లోహం ఎలా అరుస్తుందో వినడానికి నిచ్చెన కీళ్ళను వంటింటి ఫ్రీజర్లో పెట్టేవారు, గోంగూర పొట్లాల పక్కన. ఐస్‌క్రీమ్‌కోసం తలుపు తీసిన కూతురు "మామా, షోన్ వీడర్?" అని విసుక్కునేది, అమ్మా మళ్ళీనా అని. "గోంగూర ఏమీ అనట్లేదుగా, నీకేంటి?" అనేవారు ఈవిడ. తర్వాత ఆ కీలు బయటికి తీసి, టెలిఫోనులా చెవికి ఆనించి, మెల్లగా తిప్పేవారు. కీళ్ళ మధ్య రబ్బరు పెట్టి చూసి, అది చలికి గట్టిపడి అరుస్తోందని మానేసి, చివరికి ఉన్ని కంబళి ముక్కల దగ్గర ఆగారు. "చేత్తో కాదు మరిదీ, చెవితో బిగించు" అని నాకు నేర్పారు. సగమే వచ్చింది.

కార్యక్రమాలన్నీ అయ్యాక వాళ్ళమ్మాయి నన్ను గరాజులోకి తీసుకెళ్ళింది. గోడకి ఒక నిచ్చెన ఆనించి ఉంది. మోకాళ్ళు అరిగిపోయిన ఒక ముసలి రైతుకోసం, మెట్లు దగ్గరదగ్గరగా పెట్టి చేసింది. ఆయన కాలు ఒకప్పుడు అన్నయ్యగారు అతికించిందే.

"బాబాయ్, ఇది ఫెర్టిగేనా?" అంది. పూర్తయిందా అని. "అమ్మ ఏం చెప్పలేదు. ఆ తాత రోజూ ఫోన్ చేస్తున్నాడు. అమ్మ విన్నాకే ఇస్తానందట. ఇది రాకపోతే ఇంక అడవికే పోనంటున్నాడు."

విని చూడాల్సిన చెవి లేదు. ఊగి చూసే మనిషి మాత్రం మిగిలాడు. నిచ్చెన వీపున వేసుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. ఒక పెద్ద చెట్టుకు పట్టీ బిగించి ఎక్కి కూర్చున్నాను. పొద్దు వాలాక ఒక జింక, దాని వెనక పిల్ల, పొదల్లోంచి వచ్చి మేశాయి. తల్లి ఒకసారి తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ వంచుకుంది. చీకటి పడేదాకా ఎక్కడా కీచుమనలేదు.

దిగి, పూర్తయిందని అమ్మాయికి చెబుదామని ఫోను తీశాను. అప్పుడు తట్టింది, ఎక్కినప్పటినుంచీ నేను కదలనే లేదు. ఆ పరీక్ష చెల్లదు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. కాళ్ళు మార్చాను, దగ్గాను, అటూ ఇటూ ఊగాను. ఎడమవైపు కీలు కీచుమంది. దిగి, విప్పి, కంబళి ముక్క మార్చి బిగించాను.