సన్నాయి చంకన పెట్టుకుని ఆసుపత్రికి

నరసన్నపేటలో ఒక పెళ్లి. మంగళసూత్రం కట్టే వేళ గట్టిమేళం అందుకున్నాను. పెదాలు సన్నాయిని బిగించి పట్టలేకపోయాయి, ఊదిన గాలి ముక్కులోంచి పోయింది. డోలు వాయించే మా బావ, నా చెల్లెలి భర్త, దరువు పెంచి నా పరువు కాచాడు. తర్వాత పక్కకు పిలిచి, "బావా, తాగొచ్చినావేటి? కన్ను వాలిపోతన్నాది, మాట ముద్దగా వస్తన్నాది" అన్నాడు. ఏనాడూ చుక్క ముట్టనివాణ్ణి. ఏడుపొచ్చింది.

మా వైపు ఆసుపత్రికి వెళ్లాలంటే తెల్లారే మొదటి బస్సు ఎక్కాలి, ముందు నంబరు దొరుకుతుందని. రాత్రంతా పడుకుని లేచిన నాకు పొద్దున ఏ లోపమూ కనిపించేది కాదు. శ్రీకాకుళంలో డాక్టరుగారు "అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి" అని బలం మాత్రలు రాశారు. సాయంత్రానికి గంజి కూడా గొంతు దిగేది కాదు. సన్నాయి ఊదలేకపోతే ఇక నేనెందుకు అనిపించేది.

చివరికి బావే అన్నాడు: "రోగం సాయంత్రం వస్తాది, నువ్వు పొద్దున్న ఎల్తన్నావు. సన్నాయి అట్టుకురా, డాక్టరు ముందరే వాయించు."

విశాఖలో సాయంత్రం ఓపీకి వెళ్లాం. న్యూరాలజిస్టు నవ్వలేదు. "నేను ఆపమనేదాకా వాయించండి" అన్నారు. మొదట బాగానే పలికింది. కాసేపటికి స్వరం జారింది, ఎడమ రెప్ప దిగిపోయింది. "చాలు. మయస్తీనియా గ్రావిస్ అనుకుంటున్నాను. నరాల కబురు కండరాలకు సరిగా అందక, వాడేకొద్దీ అవి అలిసిపోయే జబ్బు" అన్నారు. యాంటీబాడీ టెస్టు పాజిటివ్ వచ్చింది. సీటీ స్కాన్‌లో గుండె ముందుండే థైమస్ గ్రంథి పెరిగి కనిపించింది.

ఈ జబ్బును ఎగదోసేది అదేనని, దాన్ని తీసేయాలని అన్నారు. రొమ్ము కోస్తే మళ్లీ ఊదగలనా అన్నదే నా దిగులు. సర్జన్ చెప్పారు: "ఎముక జోలికి పోం. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేస్తాం, వ్యాట్స్ అంటారు. గుణం మాత్రం నెలల మీద తెలుస్తుంది."

ఆ నెలలే నరకం. కుట్లు మానాక సన్నాయి ఎత్తితే పాత కథే. ఒకసారి ఊపిరాడక ఐసీయూలో పడ్డాను. ఆపరేషన్ దండగైందని బావ ముందు ఏడ్చాను. న్యూరాలజిస్టు రాసిన మాత్రలు మాత్రం మానలేదు. మరుసటి పెళ్లిళ్ల కాలానికి గాలి నిలవడం మొదలైంది.

ఇప్పుడు మాత్రలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. పాటకీ పాటకీ మధ్య కాసేపు ఆగుతాను.

నేను చెప్పేది ఒక్కటే. పొద్దున బాగుండి సాయంత్రానికి కన్ను వాలుతుంటే, సాయంత్రమే చూపించుకోండి. ఏ పని చేస్తే అలుపొస్తుందో అది డాక్టరు ముందే చేయండి. ఊపిరాడకపోతే మాత్రం వేళ చూడొద్దు.

మొన్నొక పెళ్లిలో గట్టిమేళం వేళ బావ నా వైపు చూసి డోలు తగ్గించాడు. సన్నాయి అందరికీ వినిపించింది.