వదలండన్నా

మా జట్టుకు నేను పెట్టిన నియమాల్లో ఒకటి మాత్రం మొదటి రోజే చెడిపోయింది. గ్రౌండులో దిగాక ఎవరూ ఎవరినీ ‘అండి’ అనకూడదన్నాను. వయసును చెప్పులతో పాటు గేటు దగ్గరే వదిలి రావాలని కూడా గొప్పగా చెప్పాను. పిల్లలు శ్రద్ధగా విని తలలూపారు. "సరేనండి సార్" అన్నారు.

మాది తిరుపతిలో నెల జీతాలిచ్చే చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు. నేను కోచ్‌ని. ఆ మాట చెబితే ఆటోవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూస్తారు. "ఈడ ఫుట్‌బాలా? క్రికెట్ గాదా సార్?" అంటారు. నేను జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది.

జట్టులో అందరికంటే పెద్దవాడు మా వెనక వరసలో ఆడే డిఫెండర్. ముప్పై ఏడేళ్లు. నగరిలో మరమగ్గాల ఇంట్లో పుట్టి, ఆ మోత పడలేక పద్నాలుగో ఏట బంతి పట్టుకున్న మనిషి. అందరికీ అన్న. నాకూ అన్నే, ఎందుకంటే ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద. నేను ఆడే రోజుల్లో బంతి తీసుకుని ముందుకు పోవాలంటే భయపడేవాణ్ణి. వెనక నుంచి ఆయన గొంతు వినబడేది: "నువ్వు పో అబ్బా, నేనీడ ఉండాను." అంతే, పోయేవాణ్ణి. ఇరవై ఆరేళ్లకే నా మోకాలు చెడి, ఆట ఆగి, నేను కోచ్‌నయ్యాను. ఆయన ఇంకా ఆడుతూనే ఉన్నాడు.

గోలు కాపాడే కుర్రాడిది వడమాలపేట. ఇరవై ఏళ్లు. పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చేస్తాడు. ఎంత ఎత్తున వచ్చిన బంతినైనా చెట్టు మీది జామకాయ కోసినట్టు అందుకుంటాడు. నోరు మాత్రం లేదు. గోల్‌కీపరుకు చేతులెంత ముఖ్యమో నోరూ అంతే. బంతి తనదైతే ముందున్నవాడికి ‘వదులు’ అని అరిచి చెప్పాలి. లేకపోతే ఇద్దరూ ఒకే బంతికి ఎగురుతారు.

నాయుడుపేటలో అదే జరిగింది. ఆట ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా బంతి పైనుంచి వచ్చింది. కుర్రాడు ముందుకు ఉరికాడు. అరిచాడు కూడా. కాకపోతే "వదలండన్నా!" అని అరిచాడు. మూడక్షరాల మాట ఐదక్షరాలైంది. చివరి అక్షరం గాలిలో ఉండగానే అన్న తల బంతికి తగిలింది. బంతి మా గోల్లోకే పోయింది. మర్యాదగా ఓడిపోయాం.

తిరుగు బస్సులో ఆ పిల్లవాడు ఏడుపొకటే తక్కువ. అన్న వెళ్లి పక్కన కూర్చుని "తప్పు నాదేలేరా" అన్నాడు. తప్పు ఆయనది కాదు. పదేళ్ల క్రితమైతే వెనక అడుగుల చప్పుడు విని తనే ఆగేవాడు. ఇప్పుడు మాట పూర్తిగా చెవిన పడితే తప్ప ఆగలేకపోతున్నాడు. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇద్దరం కిటికీలోంచి హైవే చూస్తూ కూర్చున్నాం.

మర్నాడు కుర్రాణ్ణి నిలబెట్టి ‘వదులు’ అని అరిపించాను. గోడకు చెప్పమంటే చెప్పాడు. అన్నకు ఎదురుగా నిలబెట్టి చెప్పమంటే గొంతులోనే ఆగిపోయింది. "మా నాయన కంటే నాలుగేళ్లే చిన్న సార్ ఆయన. ఎట్లనేది?" అన్నాడు. అన్న నవ్వాడు. "ఒరే అను, పర్లేదు. నేనేం అనుకోనులే" అన్నాడు. కుర్రాడు నాలుక కరుచుకుని చెంపలేసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వారమంతా ఆ ఒక్క మాట కోసం వాణ్ణి రోజూ తిట్టాను.

అప్పుడే క్లబ్బు కార్యదర్శి ఫోను చేశాడు. ఈసారి లీగు నియమం మారిందట. ఇరవై ఒకటి లోపు వయసున్నవాళ్లు ఇంకొకరు ఆటగాళ్ల పట్టీలో ఉండాలి, మొత్తం సంఖ్య మాత్రం పెరగకూడదు. "పెద్దాయన్ని తీసేయప్పా, సోమవారం లోపల పేర్లు పంపించు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆయనకేం, ఆఫీసులో కూర్చుని చెబుతాడు. అన్నను తీసేస్తే ఆయన నగరికి పోయి మళ్లీ ఆ మగ్గాల మోతలోనే కూర్చోవాలి. ఇంకో పని తెలియదు. ఉంచితే క్లబ్బు ఊరుకోదు, లీగు ఒప్పుకోదు. పైగా సగం ఆటకు నీళ్లు తాగేటప్పుడు పిల్లలు చూసేది నా వైపు కాదు, ఆయన వైపు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో నా చేతిలో ఒక కాగితం, ఒక పెన్ను. మూడు రోజులు ఆ కాగితం జేబులోనే తిప్పాను.

ఆదివారం పొద్దున మాలో మేమే రెండు జట్లుగా ఆడాం. ఆట అయ్యాక అన్నకు చెప్పేద్దామని గట్టిగా అనుకుని వచ్చాను. సగం ఆటలో బంతి సరిగ్గా నాయుడుపేటలో లాగే పైనుంచి వచ్చింది. అన్న ఎగరబోయాడు. వెనక నుంచి గ్రౌండంతా అదిరేలా కేక వినబడింది.

"వదులు!"

అన్న ఆగిపోయాడు. బంతి తల మీదుగా పోయి కుర్రాడి చేతుల్లో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా. అన్న మాత్రం వెనక్కి నడిచి వచ్చి కుర్రాడి భుజం తట్టాడు. "ఇట్లా సెప్పల్ల" అన్నాడు. ఆ పిల్లవాడు వెంటనే "తప్పయింది, క్షమించండన్నా" అన్నాడు.

ఆట అయ్యాక అన్న తన బండి దగ్గర షూ విప్పుకుంటూ నన్ను పిలిచాడు.

"పట్టీ పంపించినావా అబ్బా?"

"ఇంకా లేదన్నా."

"నా పేరుండాదా?"

లేదు అనాలి. అది రెండక్షరాలే. నా నోటికి మాత్రం, "టీ తాగుదాం రాండన్నా" అని వచ్చింది.

ఆయన నా ముఖం చూసి నవ్వాడు. కోపమైనా పడి ఉంటే బాగుండేది. "వారమంతా పిల్లోడికి నేర్పించినావే. ఆ మాట నీకే రాలేదే!" అన్నాడు.

ఆయన షూ సంచిలో వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, బండి తీశాడు.

"వదిలినాన్లే. నువ్వు పో అబ్బా."

నేనీడ ఉండాను అని మాత్రం ఈసారి అనలేదు.