పడుకుంటేగాని నమ్మని మాస్టారు

నిత్యానందం మాస్టారు స్వయంగా పడుకుని చూడందే ఏ గదినీ నమ్మరు.

తాడేపల్లిగూడెంలో మా పాత విద్యార్థుల సంఘం ఏటా పేదపిల్లల కాలేజీ చదువుకి సాయం చేస్తుంది. ఊళ్ళో గదికీ తిండికీ ఎంతవుతుందో అంచనా వెయ్యడం ఆయనకీ నాకూ అప్పగించారు, ఇద్దరం రిటైరైన టీచర్లం కదా అని. మేం ఎంత రాస్తే పిల్లల చేతికి అంతే.

అరవై తొమ్మిదేళ్ళ మనిషి, చంకలో దిండు పెట్టుకుని మగపిల్లల హాస్టళ్ళకి బయల్దేరేవారు.

"బెడ్ కావాలండీ."

"మనవడికాండీ?"

"నాకేనండీ."

వాళ్ళు తేరుకునేలోగా మంచమెక్కేసేవారు. "ఫ్యాను మనది, గాలి పక్కమంచానిది" అని రాసుకునేవారు. ఒకచోట నిజంగానే నిద్రపోతే, సాయంత్రం లేపి టీ ఇచ్చారు. "టీ ఉచితం" అని అంచనాలో ఎక్కించారు.

ఆయన భార్య మణెమ్మగారు అనేవారు: "పెళ్ళికెళ్ళినా ముందు విడిదింట్లో మంచం చూస్తారండీ, తర్వాతే పెళ్ళికొడుకుని."

చిక్కల్లా ఆడపిల్లల హాస్టళ్ళతో. ఆయన్ని గేటు దాటనివ్వరు.

"టీచరుగారూ, మీరొక్కసారి వెళ్ళి పడుకుని రండి."

"ఈ వయసులోనా మాస్టారూ? నలుగురూ చూస్తే నవ్విపోరూ?"

"నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు కదండీ. బాగానే ఉంటుంది."

సరేనన్నాను. వెళ్ళలేదు. కుర్చీలోంచి లేవకుండా, మా సాయం అందే ఆడపిల్లలుండే హాస్టల్‌కి ఫోన్ చేశాను. "మూడుపూటలా భోజనం, నెలకి నాలుగున్నరవేలండీ" అంది ఓనరు. రాసేశాను.

"మంచం ఎలా ఉందండీ?" అన్నారు మాస్టారు.

"దూదిలా ఉందండీ."

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి అబద్ధమాడకూడదని చెప్పిన నోరిది.

నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం ఏదో సంతకానికి మాస్టారింటికి వెళ్ళాను. వరండాలో ఆరుగురు ఆడపిల్లలు చాప మీద కూర్చుని అన్నం తింటున్నారు. మణెమ్మగారు కొర్రమీను పులుసు వడ్డిస్తుంటే మాస్టారు మంచినీళ్ళు పోస్తున్నారు. కలిదిండి నుంచి వచ్చి మా సాయంతో చదువుతున్న పెర్సిస్ నన్ను చూసి లేచింది.

"ఇక్కడేంటమ్మా?"

"ఆదివారం రాత్రి మా హాస్టల్లో వంట ఉండదు మేడమ్. బయట తినడానికి సాయంలో డబ్బు రాలేదు. తాతగారేమో హాస్టల్ సంగతులు రాసుకోవాలి, రమ్మన్నారు. వచ్చినవాళ్ళకి భోజనం పెట్టడం సంఘం రూలంట కదండీ."

అలాంటి రూలేదీ లేదు.

"మీ గదిలో మంచాలూ..." అని నసిగాను.

"మంచాల్లేవండీ. నేల మీద పరుపులే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "ఎప్పుడు తెలిసింది మాస్టారూ?"

"వానాకాలంలోనండీ."

"సంఘంలో చెప్పలేదేం?"

"దూదిలా ఉందని మీరంత బాగా చెప్పాక ఎలా కాదనేదండీ?"

మణెమ్మగారు నాకూ కంచం పెట్టారు. తింటూనే పెర్సిస్‌ని హాస్టల్‌కి దారి అడిగాను.

మర్నాడు దిండు చంకన పెట్టుకుని ఆ హాస్టల్‌కి వెళ్ళాను.

"బెడ్ ఎవరికండీ?"

"నాకేనండీ."

పడుకున్నాను. లేవలేకపోయాను. పెర్సిస్, ఇంకో ఇద్దరు కలిసి లేపారు. ఆదివారం భోజనం కలిపి అంచనా దిద్దాను. మొదటిసారి చూడకుండానే రాశానని కింద ఒప్పుకున్నాను. సంఘంవాళ్ళు చీవాట్లు పెట్టి, సాయం పెంచారు.

మాస్టారికి ఫోన్ చేశాను. "పరుపు రాయేనండీ. నడుం పట్టేసింది."

"అది మాత్రం అంచనాలో రాయకండి. వాళ్ళకి పద్దెనిమిదేళ్ళు."

"ఇంక ఆదివారాలు పిల్లలు మీ ఇంటికి రానక్కర్లేదు కదండీ?"

"అమ్మో, రూలు మార్చడం మన చేతుల్లో ఉందాండీ? మీరూ రండి. దిండు తెచ్చుకోండి."