సొంతింటి కోసం పేర్చిన రాళ్ళు

చాలా ఏళ్ళుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో పరాయి దేశంలో, స్వోర్డ్స్ అనే ఊళ్ళో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. కింద గదిలో నేను, మా ఆయన. పై గదిలో నరేష్, కరీంనగర్ అబ్బాయి, నన్ను వదినా అనేవాడు. లీజు అయిపోయిన ప్రతిసారీ ఇల్లు వెతకడం, సామాను సర్దడం. సొంతిల్లు తప్ప నాకు వేరే ధ్యాస లేదు. సెలవు రోజుల్లో ముగ్గురం అక్కడికి దగ్గర్లోని విక్లో కొండలెక్కేవాళ్ళం. దారి చూపేవాడు నరేషే. ఒక ఏడాది, ఎవరూ పెద్దగా వెళ్ళని ఒక హిమాలయ లోయకు మమ్మల్ని బయల్దేరదీసిందీ అతనే.

రాళ్ళు పేర్చి ఉన్న వైపే బాట అని అక్కడి గైడ్ మొదట్లోనే చెప్పాడు. విన్నాను. మర్నాడు పొగమంచు. గైడ్, మా ఆయన ముందు వెళ్ళారు. నరేష్ ఫొటోలు తీసుకుంటూ వెనకబడ్డాడు. బాట రెండుగా చీలిన చోట, ఆయాసం తీర్చుకుందామని ఎడమ పక్కన కూర్చున్నాను. మా వైపు కొండ మీది గుళ్ళకు వెళితే, సొంతిల్లు కావాలని మొక్కుకుని రాయి మీద రాయి పేరుస్తారు. నేనూ పేర్చాను. అంతలో మా ఆయన కుడి బాట మీంచి పిలిచాడు. నాలుగడుగులు వేశాక గైడ్ మాట గుర్తొచ్చింది. వెనక్కి తిరిగాను కూడా. కానీ పడగొట్టడానికి చేతులు రాలేదు. మొక్కుకున్న ఇంటిని నా చేత్తో నేనే ఎలా కూల్చుకోను? నరేష్‌కు దారి తెలుసులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఇప్పుడు నాకు నేను సర్దిచెప్పుకుంటున్నానా?

అతను ఎడమకు వెళ్ళాడు. జారి పడ్డాడు. కాలు విరిగి, చలికి బిగుసుకుపోయి మర్నాడు దొరికాడు. కింద ఊళ్ళో ఆసుపత్రి మంచం మీద నన్ను అడిగాడు.

"వదినా, బాట చీలిన కాడ రాళ్ళు పేర్చి ఉండె. మీరు జూడలేదా?"

"లేదు నరేష్."

"అయితే నాదే తప్పు. బాట జూసుడు నాకు రాదు."

నేను అతని దుప్పటి సర్దాను.

తర్వాత మేము ఇల్లు కొనుక్కున్నాం. గృహప్రవేశానికి అతను కుంటుతూనే వచ్చి, అందరికంటే ముందు మెచ్చుకున్నాడు. అతను కుంటడం చూడటం కష్టమే, కానీ నన్ను తినేసేది అది కాదు. ఆ రోజు నుంచి అతను కొండల జోలికి పోలేదు. ఎవరైనా పిలిస్తే నవ్వి, నాకు బాట తెల్వదంటాడు. మమ్మల్నందరినీ వెంటేసుకుని తిరిగిన మనిషికి ఇప్పుడు కొత్త చోటికి వెళ్ళాలంటే పక్కన ఇంకొకరుండాలి.

మా ఆయనకు తెలియదు. నరేష్‌కూ చెప్పలేదు. చెబితే ఇంక వదినా అని పిలవడేమోనని భయం. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు.

అతనికి దారి చూడటం వచ్చు. తప్పుదారి పట్టించింది నేను. ఈ రెండు వాక్యాలూ రాసి, మళ్ళీ చదివాను. కొట్టేయలేదు.