నా వేళ్ల కోసం అక్క తోమిన గిన్నెలు

మా చిన్నప్పుడు... ధర్మవరంలో మా ఇంటి ముందు గదంతా మగ్గమే. మిగిలిన జాగాలోనే మేం తినడం, పడుకోవడం, కొట్టుకోవడం. నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే అక్క పక్కన కూర్చుని చీర మీద పూల బుటాలు వేసేది. తెగిన పట్టుపోగు అతికే పని కూడా అక్కదే. ఆమె అతికాక ముడి ఎక్కడుందో నాయనకే కనపడేది కాదు... అంత సన్నటి పనితనం.

నాకేమో మగ్గమంటే బద్ధకం. దాని చెక్క మీద వేళ్లతో దరువు వేస్తూ కూర్చునేదాన్ని.

ఒకరోజు హిందూపురం నుంచి ఒక టీచరమ్మ చీర కొనడానికి వచ్చారు. బెంగళూరు, మద్రాసుల్లో పియానో కచేరీలు చేసేవారట. కచేరీకి ధర్మవరం పట్టు తప్ప కట్టరట. చీరలు చూడ్డం మానేసి నా దరువు వింటూ నిలబడ్డారు. "ఈ పాపను ఆదివారాలు నా దగ్గరికి పంపించప్పా, నేర్పిస్తా" అన్నారు నాయనతో.

పియానో అంటే ఏమిటో మా వీధిలో ఎవరికీ తెలియదు. నాయనకైతే అసలే తెలియదు. అయినా "సరేమ్మా" అనేశాడు. ఎందుకన్నాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు...

ఆదివారం పొద్దున్నే నాయనా నేనూ ప్యాసింజర్ బండి ఎక్కేవాళ్లం. పెనుకొండ కొండ కనపడగానే అక్క కట్టిచ్చిన చిత్రాన్నం మూట విప్పేవాళ్లం. హిందూపురంలో దిగి టీచరమ్మ ఇంటికి నడిచేవాళ్లం. నేను ఆ నల్లపెట్టె ముందు కూర్చుని మెట్లు నొక్కుతుంటే, నాయన గడప దగ్గరే గొంతుక్కూర్చుని వినేవాడు.

అమ్మ లేని ఇల్లు మాది. ఇంటి పనంతా అక్కా నేనూ పంచుకునేవాళ్లం. ఒకసారి వంకాయలు తరుగుతూ వేలు కోసుకుని, గుడ్డ చుట్టుకుని క్లాసుకు వెళ్లాను. టీచరమ్మ చూసి, "చేతులు జాగర్త తల్లీ, ఇంక వీటితోనే కదా నీకు పని" అన్నారు.

అంతే... ఆ మాటను నాయన గట్టిగా పట్టుకున్నాడు. పట్టుతో బతికే మనిషి కదా. గరుకు చెయ్యి తగిలితే పట్టుపోగు లేచిపోతుంది. అందుకే మగ్గం ఎక్కేవాళ్లు చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు. పియానో కూడా అంతేనని ఆయన అనుకున్నాడు. ఇంటికి రాగానే మా ఇద్దరినీ కూర్చోబెట్టి, "పట్టుకే గరుకు చెయ్యి పనికిరాదే... అంత పెద్ద వాద్యానికి యాడ పనికొస్తాది? ఈ పొద్దు నుంచి పాప బూడిద ముట్టేది లేదు, చేంతాడు పట్టేది లేదు" అన్నాడు.

నా వంతు కూడా అక్క మీద పడింది. బూడిదతో గిన్నెలు తోమడం, నీళ్లు చేదడం, రోట్లో కారం దంచడం... అక్క ఒక్కసారీ గొణగలేదు. నేను నూనె రాసిన చేతులు ఒళ్లో పెట్టుకుని అరుగు మీద మహారాణిలా కూర్చునేదాన్ని. నిజం చెప్పాలంటే, బాగానే ఉండేది.

కొన్నాళ్లకు అక్క వేళ్లు పగిలాయి. ఒక పెళ్లిచీర మీద ఆమె చెయ్యి తగిలి పోగులు లేచిపోయాయి. నాయన ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూశాడు. "ఇంక నువ్వు మగ్గం కాడికి రావద్దులే అమ్మీ" అన్నాడు మెల్లగా. "సరే నాయనా" అని అక్క లేచి పొయ్యి దగ్గరికి పోయింది. మళ్లీ మగ్గం ఎక్కలేదు.

నేను పెద్దయ్యాక కచేరీలు చేశాను. ఇప్పుడు బెంగళూరులో పిల్లలకు పియానో నేర్పుతున్నాను. మొన్నీమధ్య ఒక పిల్ల వాళ్లమ్మ అడిగింది, "ఇంట్లో గిన్నెలు కడిగిస్తే వేళ్లు పాడవుతాయా మేడం?" అని. నేను నవ్వేసి, "భలేవారే! గిన్నెలకీ పియానోకీ ఏం సంబంధం? కడగనివ్వండి" అన్నాను.

అన్నాకే అక్క చేతులు గుర్తొచ్చాయి. ఇన్నేళ్లు పియానో ముందు కూర్చున్నాను... ఈ సంగతి మా అక్క విషయంలో నాకు తట్టనే లేదు.

ఆ సాయంత్రమే టీచరమ్మకు ఫోన్ చేసి, అప్పుడు చేతులు జాగర్త అని ఎందుకన్నారని అడిగాను. "తెగిన వేలు చూసి అన్నాను కదమ్మా! కచేరీ రోజు పొద్దున కూడా నేను రోట్లో పచ్చడి నూరేదాన్ని. చెయ్యి గరుకైతే పియానోకేమవుతాది? ఎవరు చెప్పినారు నీకు?" అన్నారు.

అక్క ఇప్పుడు పెనుకొండలో ఉంటుంది. చెప్పేద్దామనే వెళ్లాను. గడపలో అడుగు పెట్టానో లేదో, పక్కింటావిడను పిలిచి నా చెయ్యి ఆమె చేతిలో పెట్టింది. "చూడు వదినా, మా చెల్లెలి చేతులు ఎట్లుండాయో, పట్టు మాదిరి! నేను ఒక్క గిన్నె ముట్టనిస్తేనా? అందుకే గదా ఈ పొద్దు అంత మంది ముందర వాయిస్తాండాది!"

అక్క ముఖం వెలిగిపోతోంది. మగ్గం పోయినందుకు అక్కకు మిగిలింది ఆ ఒక్క గర్వమే. దాన్ని కూడా నేనే లాక్కోవాలా? చెప్పలేదు. చెప్పనందుకూ సిగ్గుగానే ఉంది.

అన్నం తిని కంచం తీయబోతే చటుక్కున లాగేసుకుంది. "నువ్వు చెయ్యి పెట్టొద్దు పాపా, నేనుండా కదా!" నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను... అప్పుడు అరుగు మీద కూర్చున్నట్టే.

ధర్మవరంలో మా మగ్గం గుంత పూడ్చేసి గచ్చు చేశారు. బూడిద పోయి సబ్బులొచ్చాయి. అక్క చేతులు మాత్రం అట్లాగే ఉన్నాయి.

మీ కోసం చేతులు అరగదీసుకున్నవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... వాళ్ల గురించి కింద రాయండి, అన్నీ చదువుతాను. ఒక్కటే మనవి. మీలో పెనుకొండ వాళ్లెవరైనా ఉంటే, ఇది మా అక్కకు చదివి వినిపించకండి.